సదరు ఫ్రెంచి కారు

మా ఆఫీసులో ఒక వస్తువు ప్రభుత్వానిది కావాలంటే ప్రభుత్వం దాన్ని కొననక్కర్లేదు. ఇన్‌వర్డు సెక్షన్లో కమలకుమారి గారు దాని మీద గుండ్రటి ముద్ర కొట్టి, రిజిస్టర్లో నెంబరు వేస్తే చాలు. ఈ సంగతి నాకు ఇరవై ఆరేళ్లుగా తెలుసు. తెలిసి తెలిసీ నా సొంత పార్సెలుకి ఆఫీసు అడ్రసు ఇచ్చాను. నా బుద్ధి గడ్డి తిన్నదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

నా పేరు గుడిమెట్ల వీరభద్రం. కాకినాడలో, పాత దస్త్రాల పరిరక్షణ శాఖ వారి ప్రాంతీయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. కొందరికి పేకాట పిచ్చి, కొందరికి రాజకీయాల పిచ్చి. నాకు బొమ్మ కార్లు కట్టడం పిచ్చి. పిల్లలు తాడు కట్టి లాక్కెళ్లే బొమ్మలు కావవి. అసలు కారుని ముక్కముక్కా కొలిచి, ఆ ముక్కలన్నీ చిన్న సైజులో పోతపోసి, పెట్టెలో పెట్టి అమ్ముతారు. కొనుక్కున్నవాడు వాటిని కోసి, అరగదీసి, అతికించి, రంగులేసి కారుగా నిలబెట్టుకోవాలి. పదకొండేళ్లుగా నా కన్ను ఒక ఫ్రెంచి కారు మీద ఉంది. 1955 నాటిది. ముక్కు కిందికి వాలి, వెనక చక్రాలు సగం దాక్కుని, నిలబడి ఉన్నా పరిగెడుతున్నట్టే కనిపించే కారు. అసలు కారులో ఎనిమిదో వంతు సైజు, ఆరువందల ముప్ఫైరెండు భాగాలు. ఈ పనిలో చేయి తిరిగినవాళ్లే దాన్ని సగంలో వదిలేస్తారట. అది విన్నప్పటినుంచి నాకు ఇంకా ఆశ పుట్టింది.

పగలు మా ఇంట్లో ఎవరూ ఉండరు. మా ఆవిడ అనసూయ బడిలో లెక్కలు చెబుతుంది. అందుకని ఆఫీసు అడ్రసు ఇవ్వాల్సి వచ్చింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. దేశంకాని దేశం నుంచి వచ్చే పార్సెలు కదా అని పేరు కింద నా హోదా కూడా రాయించాను. ఫ్రాన్సులో ఎవరో గుమాస్తా అది చదివి లేచి నిలబడతాడనుకున్నానో ఏమో!

పార్సెలు వచ్చిన రోజున నేను సెలవులో ఉన్నాను. మర్నాడు వెళ్లేసరికి పెట్టె మీద ముద్ర పడిపోయింది.

“ఇది మీకు రాలేదండి. మీ హోదాకొచ్చింది,” అన్నారు కమలకుమారి గారు.

“హోదా పైన నా పేరుంది కదండీ.”

“పేర్లు మారతాయండి, హోదా మారదు. రేపు మీరు రిటైరైతే ఆ సీట్లోకి ఇంకోరొస్తారు. అప్పుడీ కారెవరిదండీ?”

పోనీ ఆ ఎంట్రీ కొట్టేయండి అన్నాను. ఆవిడ రిజిస్టరుని రెండు చేతులతోనూ దగ్గరికి లాక్కున్నారు. నేను ఆవిడ మెళ్లో గొలుసు అడిగినా అంత బెదిరిపోయేవారు కాదు. కాసేపటికి తేరుకుని, “పోనీ ఓ దరఖాస్తు పెట్టుకోండి. నేనే ఇన్‌వర్డు చేస్తాను,” అని జాలిపడ్డారు.

పెట్టుకున్నాను. అది సూపరింటెండెంటు ధర్మలింగం గారి బల్లమీదికి చేరింది. ధర్మలింగం గారు నిజాయితీపరులు, కష్టపడి పనిచేసే మనిషి. మా ఆఫీసులో జరిగే అనర్థాలన్నీ ఆయన కష్టపడినందువల్ల జరిగేవే.

“చూడండి వీరభద్రం గారూ, వస్తువుని మీకు వాపసివ్వాలంటే ముందు ఆ వస్తువు మన దగ్గరున్నట్టు నిర్ధారణ కావాలి. నిర్ధారణ కావాలంటే స్టాకు రిజిస్టర్లోకి ఎక్కాలి. ఎక్కాలంటే భాగాలు లెక్కించాలి. ముగ్గురితో కమిటీ వేస్తున్నాను. తమరు అర్జీదారు కాబట్టి లోపలికి రాకూడదు.”

రికార్డు రూము కిటికీలోంచి చూశాను. ఇటువంటి పెట్టెలో భాగాలు విడివిడిగా ఉండవు. ప్లాస్టిక్ చట్రాలకి, కాడకి వేలాడే పిందెల్లా అంటుకుని ఉంటాయి. ఏ భాగం ఏదో చెప్పే నెంబరు భాగం మీద ఉండదు, పక్కన చట్రం మీద ఉంటుంది. కమిటీకి ఆ చట్రాలు చూడగానే ధర్మసందేహం వచ్చింది. ఒక చట్రానికి నలభై భాగాలుంటే ఒకటిగా రాయాలా, నలభైగా రాయాలా? నలభైగానే రాయాలని తేల్చారు. తేల్చి, దస్త్రాల దారాలు తెంపే కత్తెర తెప్పించి, మొత్తం కోసేశారు. చట్రాలు ప్యాకింగు చెత్త కింద జమకట్టి కిందికి పంపించేశారు.

“అయ్యా, ఆ చట్రాలు పారేయకండి! నెంబర్లు వాటిమీదే ఉన్నాయి!” అని కిటికీ ఊచలు పట్టుకుని అరిచాను.

“నెంబర్లకేం, మేం వేస్తున్నాంగా!” అన్నారు ధర్మలింగం గారు లోపలినుంచి.

వేశారు. పెద్దదానితో మొదలుపెట్టి చిన్నదాని దాకా, ఒకటి నుంచి ఆరువందల ముప్ఫైరెండు వరకూ, ఒక్కోదానికీ దారంతో అట్టముక్క కట్టి మరీ వేశారు. ఎడమ తలుపు ఒకటి, కుడి తలుపు పదిహేడు. మధ్యలో ఇంజను దిమ్మ, బానెట్టు, వెనక సీటు. ఫ్రెంచిలో ఉన్న సూచనల పుస్తకాన్ని, ఎవరికీ అర్థంకాని భాషలో ఉన్న కాగితం రహస్యపత్రమై ఉండొచ్చుననే అనుమానంతో, బీరువాలో పెట్టి తాళం వేశారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. యాభై రెండేళ్లవాణ్ణి, ఆఫీసు వరండాలో నిలబడి ముక్కు చీదుకున్నాను.

వారం తిరక్కుండా నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. స్టీరింగు చక్రంలో మూడు కమ్మీలుండవలసిన చోట ఒక్కటే ఉన్నదనీ, తక్కిన రెండూ ఏమైనవో నలభై ఎనిమిది గంటల్లోగా తెలుపుకోవాలనీ దాని సారాంశం. ఆ కారు స్టీరింగుకి పుట్టుకతోనే ఒకటే కమ్మీ అని తెలుపుకున్నాను.

“ఆధారం?” అన్నారు ధర్మలింగం గారు.

“కారేనండి.”

“కారు వివాదంలో ఉంది. వివాదంలో ఉన్న వస్తువు తన గురించి తాను సాక్ష్యం చెప్పుకోవడానికి వీల్లేదు.”

అసలు తిరకాసు స్టాకు రిజిస్టర్లో వచ్చింది. అందులో ‘వస్తువు స్వభావము’ అని ఒక గడి ఉంది. బొమ్మలు అనే మాట మా శాఖకి మంజూరైన వస్తువుల పట్టికలో లేదు. పెట్టె మీద కారు ఫోటో ఉంది. అందుచేత ‘మోటారు వాహనము – ఒకటి (విడిభాగముల రూపములో)’ అని రాసి, కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ వాక్యం రాత్రికి రాత్రి హెడ్డాఫీసు చేరింది.

మా ఆఫీసు తొమ్మిదేళ్లుగా ఒక జీపు కోసం హెడ్డాఫీసుకి లేఖలు రాస్తోంది. తొమ్మిదేళ్లలో మొదటిసారి జవాబు వచ్చింది. ‘మీ కార్యాలయమునకు వాహనము సమకూరినట్లు రికార్డుల వల్ల తెలియుచున్నది. కావున జీపు ప్రతిపాదన ముగించడమైనది. సదరు వాహనమునకు డ్రైవరును నియమించడమైనది.’

ఆ డ్రైవరు పేరు నూకరాజు. తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని, షేవింగు చేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని వచ్చాడు. అతను పనిచేసిన ఆఫీసు ఎత్తేశాక పద్నాలుగు నెలలుగా పోస్టింగు లేదు. బండి ఉంటేనే పోస్టు, పోస్టు ఉంటేనే జీతం. ఈ పద్నాలుగు నెలలూ అద్దెకి ట్రాలీ ఆటో నడిపి కొబ్బరి బోండాలు చేరేశాడట.

“బండేదండి?” అన్నాడు నమస్కారం పెట్టి.

రికార్డు రూములోకి తీసుకెళ్లి, అట్టముక్కలు కట్టిన ఆరువందల ముప్ఫైరెండు భాగాల్నీ చూపించాను. నూకరాజు వాటి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

“ఎంత పెద్ద యాక్సిడెంటండి బాబూ!” అన్నాడు చివరికి. “లోపలున్నోళ్లు బతికేరాండి?”

ఉన్న సంగతి చెప్పాను. అతను నవ్వలేదు, కోప్పడలేదు. “అయితే నా జీతానికేం అడ్డం లేదు కదండి?” అని మాత్రం అడిగాడు. లేదన్నాను. ఆ రోజునుంచి పదిన్నరకల్లా వచ్చి, లాగు బుక్కులో ‘తిరిగిన దూరం: లేదు’ అని రాసి సంతకం పెట్టి, ఆ భాగాల పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

నిజానికి నా కారు అట్టముక్కలతోనే ముసలిదైపోయి ఉండేది. మా డిప్యూటీ డైరెక్టరు గారికి నొప్పి తగలబట్టి కథ కదిలింది. ఆయన సామర్లకోట, పిఠాపురం బస్సులో వెళ్లి దస్త్రాలు తనిఖీ చేసొస్తుంటారు. ఆ నెల ఆయన ప్రయాణపు బిల్లులన్నీ వాపసు వచ్చాయి. కార్యాలయమునకు స్వంత వాహనము ఉండగా అధికారి బస్సులో తిరగవలసిన ఆవశ్యకతేమిటో బోధపడలేదట.

ఆయన నన్ను పిలిచారు. “మిస్టర్ వీరభద్రం, ఈ వాహనం విడిభాగాల దశను అధిగమించి, సమగ్ర రూపాన్ని సంతరించుకోవలసిన చారిత్రక ఆవశ్యకత ఏర్పడింది. ఆ బాధ్యత మీ భుజస్కంధాల మీద పెడుతున్నాను. అత్యంత జరూరు!”

అంటే, కారు కట్టమన్నారు. ఆఫీసు టైములో, ఫ్యాను కింద, ఉత్తర్వు మీద. నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక నేల చూస్తూ బయటికి వచ్చాను.

కట్టడం మొదలుపెట్టాక తెలిసింది కష్టం. చట్రాలు లేవు, పుస్తకం బీరువాలో ఉంది. నా చేతిలో గోరంత ముక్క ఒకటి, దాని మెడలో ‘నాలుగువందల పన్నెండు’ అనే అట్ట. అది ఏమిటో నాకు తెలియదు, కమిటీకీ తెలియదు. నేను దాన్ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పుతుంటే స్టూలు మీదినుంచి నూకరాజు అన్నాడు:

“అది గేరు కడ్డీ కిందుండే ఫోర్కండి.”

తలెత్తి చూశాను. చిన్నప్పుడు జగన్నాథపురంలో ఒక షెడ్డులో ఆరేళ్లు పనిచేశాడట. అక్కడ విప్పి బిగించని బండి లేదట. “సైజు తేడా గానీ బండి బండేనండి. ఇదిగో, దీనికి వెనక్కెళ్లే షాఫ్టు లేదు సూడండి. ముందు చక్రాలే లాగుతాయన్నమాట. అందుకే ముందు వెడల్పు, వెనక సన్నం. భలే బుర్రండి ఆ దొరది!”

ఆ రోజునుంచి ఐదు నెలలు మేమిద్దరం ఆ బల్ల దగ్గరే బతికాం. అతను భాగాన్ని గుర్తుపట్టేవాడు, నేను అరగదీసి అతికించేవాణ్ణి. అట్టముక్క తీసిన ప్రతిసారీ ధర్మలింగం గారు వచ్చి రిజిస్టర్లో ‘బిగించడమైనది’ అని రాసుకునేవారు. వైపర్లు బిగించిన రోజున నూకరాజు ఇంటినుంచి పూతరేకులు తెచ్చాడు. తలుపు తెరిస్తే తెరుచుకుంది, వేస్తే టక్కున పడింది. ఆ చప్పుడు వినడానికి మేం ఆ తలుపు ఒక ఇరవైసార్లు వేసి ఉంటాం. ఇరవై ఆరేళ్ల నా సర్వీసులో అంత సంతోషంగా పనిచేసిన రోజులు లేవు. ఆ మాట ఎవరైనా అడిగితే ప్రమాణం చేసి చెబుతాను.

రంగు దగ్గర పేచీ వచ్చింది. ప్రభుత్వ వాహనములు శ్వేతవర్ణములో ఉండవలెనని నియమం. నేను పదకొండేళ్లుగా ముదురు ఆకుపచ్చ ఒళ్లు, మీగడ రంగు కప్పు అనుకుంటున్నాను. బతిమాలాను, కుదరదన్నారు. అప్పుడు, జీవితంలో మొదటిసారి, నేను మా ఆఫీసుని మా ఆఫీసు పద్ధతిలోనే ఎదుర్కొన్నాను. ఆకుపచ్చని ‘తుప్పు నివారణకై ప్రాథమిక పూత’గా వేసి, ‘అంతిమ శ్వేతపూత’కి మూడు కొటేషన్లు పిలవవలసిందిగా వేరే ఫైలు తెరిచాను. ఆ ఫైలు ఇప్పటికీ నడుస్తోంది. కారు ఆకుపచ్చగానే ఉంది.

పూజ కూడా జరిగింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టబోతే కారు వాటిమీద ఎక్కలేక అలాగే నిలబడిపోయింది. పంతులుగారు ఆలోచించి రాచ ఉసిరికాయలు పెట్టించారు. నూకరాజు చూపుడువేలితో తోశాడు. కాయలు చిట్లాయి, అందరూ చప్పట్లు కొట్టారు. లాగు బుక్కులో ‘తిరిగిన దూరం: ఆరంగుళాలు’ అని పడింది.

ఇక డిప్యూటీ డైరెక్టరు గారి క్యాంపులు. ఉత్తర్వుల్లో ‘అధికారి కార్యాలయ వాహనముతో పర్యటించవలెను’ అని ఉంది. ఆయన ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి చిరునవ్వు నవ్వారు. మర్నాడు సామర్లకోట బస్సులో కిటికీ పక్క సీట్లో ఆయన, పక్కన నూకరాజు, నూకరాజు ఒళ్లో తువ్వాలు మీద కారు. కండక్టరు కారుకి లగేజీ టిక్కెట్టు కొట్టాడు. దిగాక నూకరాజు ముందు నడుస్తూ కారుని రెండు చేతుల మీదా పట్టుకుంటే, డిప్యూటీ డైరెక్టరు గారు వెనకాల వచ్చారు. లాగు బుక్కులో రాకపోకల కిలోమీటర్లు నిజాయితీగా రాశారు. కారు అంత దూరమూ వెళ్లొచ్చింది కదా! ఇంధనం గడిలో ‘వాడలేదు’ అని రాశారు.

మూడు నెలలకి హెడ్డాఫీసు నుంచి అభినందన లేఖ వచ్చింది. చుక్క పెట్రోలు తాగకుండా రెండు వేల కిలోమీటర్లు తిరిగిన ఏకైక ప్రభుత్వ వాహనం మాదేనట. వేరే జిల్లాల అధికారులు అధ్యయనానికి రాసాగారు. డిప్యూటీ డైరెక్టరు గారు వాళ్లకి ‘సూక్ష్మ వాహన విధానం – స్థూల ఫలితాలు’ అని ఉపన్యాసం ఇచ్చేవారు. ఒకాయన నిర్వహణ గురించి అడిగితే నూకరాజు, “రోజూ మెత్తటి గుడ్డతో తుడవాలండి. గట్టిగా ఒత్తకూడదు,” అన్నాడు. ఆయన రాసుకున్నారు.

ఇంట్లో అనసూయ మాత్రం షోకేసులో పై అర ఖాళీ చేసి ఉంచింది. రెండేళ్లుగా రోజూ సాయంత్రం అడిగేది, “ఏమండీ, మన కారు ఎప్పుడొస్తుందీ?” అని. దరఖాస్తు పరిశీలనలో ఉంది అనేవాణ్ణి. నాకూ రోజూ అదే బాధ. నా చేతులతో కట్టిన కారుని సాయంత్రం ఐదింటికి రికార్డు రూములో వదిలి, తాళం వేసి, చేతులూపుకుంటూ ఇంటికి పోయేవాణ్ణి.

అటువంటి సమయంలో, ఎవరూ అనుకోకుండా, నా దరఖాస్తు మంజూరైంది.

‘అర్జీదారు పేర వచ్చిన ఆరువందల ముప్ఫైరెండు విడిభాగములు గల పార్సెలు ఆయన స్వంత ఆస్తి అని నిర్ధారించడమైనది. సదరు పార్సెలును ఆయనకు అప్పగించి, వాహనమును స్టాకు నుండి తొలగించి, దాని అనుబంధ డ్రైవరు పోస్టును రద్దుపరచవలెను.’

ఆఫీసంతా నా చుట్టూ చేరి అభినందించింది. కమలకుమారి గారు స్వీట్లు తెప్పించమన్నారు. నేను రికార్డు రూములోకి వెళ్లాను. నూకరాజుకి అప్పటికే ఎవరో చెప్పేశారు. కారు అద్దం తుడుస్తున్నాడు.

“మంచిదేనండి. మీ బండి మీ ఇంటికెళ్లాల్సిందే కదండి,” అన్నాడు. “ఆటోలో తీసికెళ్లకండి, గతుకులు. నేనే ఒళ్లో పెట్టుకునొస్తాను. ఎడం తలుపు కొంచెం లూజు, చూసుకోండి.”

“నీ సంగతేంటి నూకరాజూ?”

“నాకేవుందండి, బోండాలున్నాయి కదా.”

అంతే అన్నాడు. ఇంకో మాట అని ఉంటే, ఏడ్చి ఉంటే, నన్ను తిట్టి ఉంటే నేను కారు పట్టుకుని పోగలిగేవాణ్ణేమో. ఆ మనిషి లేకపోతే నాలుగువందల పన్నెండు ఈనాటికీ అట్టముక్కతోనే ఉండేది. నాకు సిగ్గేసింది.

అప్పగింత ఫైలు నా సీటుకే వచ్చింది. అర్జీదారుని నేనే కదా అని ధర్మలింగం గారిని అడిగాను. “సీటు వేరు, మీరు వేరు,” అన్నారాయన. అయితే సరే అనుకుని కూర్చుని, పెన్ను మూత తీసి, ఫైలు మీద ఇలా రాశాను:

‘అర్జీదారును ఈ ఉదయం పదకొండు గంటలకు ఈ సీటు వద్ద విచారించడమైనది. ఆయనకు చెందవలసినది ఆరువందల ముప్ఫైరెండు విడిభాగములు. రికార్డు రూములో ప్రస్తుతము ఉన్నది ఒక వాహనము మాత్రమే. తనది కాని వస్తువును స్వీకరించుటకు అర్జీదారు సమ్మతించుట లేదు. తన విడిభాగములు లభ్యమగు వరకు అప్పగింత వాయిదా వేయవలసిందిగాను, అంతవరకు సదరు వాహనమును, డ్రైవరును యథాతథంగా కొనసాగించవలసిందిగాను కోరుచున్నారు.’

కింద రెండు సంతకాలు పెట్టాను, ఒకటి అర్జీదారుగా, ఒకటి సీనియర్ అసిస్టెంటుగా. రెండో సంతకం పెడుతున్నప్పుడు షోకేసులో ఆ పై అర గుర్తొచ్చింది.

ధర్మలింగం గారు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. ఆయన మొహంలో అంతటి గౌరవం నేనెప్పుడూ చూడలేదు.

“చాలా న్యాయమైన పాయింటు పట్టారండీ. ఇన్ని భాగాలు మన స్టాకులోంచి ఎటుపోయినట్టు? కమిటీ వేయాల్సిందే!” అన్నారు.

రికార్డు రూముకి వెళ్లి నూకరాజుకి ఫైలు చదివి వినిపించాను. అతనికి ఆ భాష ఒక్క ముక్క అర్థం కాలేదు.

“అంటే ఏంటండి? బండెప్పుడు తీసికెళ్తారు?”

“నా భాగాలు దొరికాక.”

“ఏ భాగాలండి? అన్నీ మనమే దీనికి బిగించేశాం కదండి!”

“గట్టిగా అనకు,” అన్నాను.

నూకరాజు నా మొహంలోకి చూశాడు. తర్వాత అటు తిరిగి, అప్పటికే తుడిచేసిన అద్దాన్ని మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

“రేపు పిఠాపురం క్యాంపుందండి,” అన్నాడు ఇటు తిరక్కుండానే. “తొమ్మిదింటికల్లా బండి రెడీగా ఉంచుతాను.”